ఇరియోమోటే పిల్లి: తొంభై శాతం అడవి ఉన్న దీవిలో వంద పిల్లులే ఎందుకు?

క్లుప్తంగా

జపాన్ దక్షిణ కొసన ఉన్న ఇరియోమోటే దీవిలో తప్ప ఇంకెక్కడా కనిపించని అడవిపిల్లి ఇది. సంఖ్య వందకు అటూ ఇటూ. దీవిలో అడవికి కొదవ లేదు, పిల్లిని వేటాడటం నేరం, 2021 నుంచి ప్రపంచ వారసత్వ గుర్తింపు కూడా ఉంది. అయినా జపాన్ దీన్ని అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జంతువుల జాబితాలోనే ఉంచింది. ఈ పిల్లికి నచ్చేది కొండ మీది కీకారణ్యం కన్నా తీరం వెంబడి ఉండే పల్లపు నేల. ఊళ్లు, వరి పొలాలు, దీవిలోని ఏకైక పెద్ద రోడ్డు ఉన్నదీ ఆ పల్లంలోనే.

దీవి, దాని పటం

ఇరియోమోటే ఒకినావా రాష్ట్రంలో, యాయెయామా దీవుల గుంపులో ఉంది. విస్తీర్ణం 290 చదరపు కిలోమీటర్ల లోపు. ఒకినావా ప్రధాన దీవి కన్నా తైవాన్ దీనికి చాలా దగ్గర. విమానాశ్రయం లేదు. పక్కనున్న ఇషిగాకి దీవి నుంచి ఫెర్రీలో ముప్పావు గంట, కాస్త అటూ ఇటూ. జనాభా దాదాపు 2,400. నేలలో సుమారు తొంభై శాతం ఉప ఉష్ణమండల అడవి, నదీముఖాల్లో మడ అడవులు. ఎత్తైన శిఖరం కొమిదకే 470 మీటర్లకు మించదు. నకామా నది మడ అడవి జపాన్‌లోకెల్లా పెద్దది.

ఇంత అడవి మిగలడంలో మలేరియా పాత్ర చిన్నది కాదు. వందల ఏళ్లు ఈ దీవి మలేరియాకు పేరుమోసింది. బలవంతంగా తరలించి కట్టించిన ఊళ్లు కూడా జ్వరాలకు ఖాళీ అయిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో యాయెయామా జనాన్ని ఇలాంటి ప్రాంతాలకు తరలించడంతో వేలమంది జ్వరాలతో చనిపోయారు. 1960ల తొలి ఏళ్లలో మలేరియా పూర్తిగా తగ్గాక గానీ మనుషులు ఇక్కడ స్థిరంగా నిలవలేదు. పిల్లి సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది కూడా ఆ దశకంలోనే.

జాతా, ఉపజాతా?

ఈ పిల్లి గురించి రాసే వ్యాసాల్లో శాస్త్రీయ నామం ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తుంది. తప్పు రాసినవాళ్లది కాదు. పేరు నిజంగానే మారుతూ వచ్చింది.

స్థానికులకు ఇది ఎప్పటి నుంచో తెలుసు. వాళ్ల మాటలో మాయా అంటే పిల్లి. అడవిలోది కాబట్టి యమమాయా. కొండలో మెరిసేది అనే అర్థంలో యమపికర్యా అనే పేరూ ఉంది, రాత్రి దీపం వెలుగులో కళ్లు మెరుస్తాయి కదా. 1965లో జంతుకథల రచయిత తొగావా యుకియో ఈ మాటలు విని, దీవివాసుల దగ్గరున్న తోలు, పుర్రె సంపాదించి టోక్యోకి చేర్చాడు. అప్పటికి ఒకినావా ఇంకా అమెరికా పాలనలోనే ఉంది. జాతీయ విజ్ఞాన మ్యూజియంకు చెందిన ఇమాయిజుమి యోషినోరి వాటిని పరిశీలించి 1967లో ఏకంగా కొత్త ప్రజాతినే (దగ్గరి జాతుల గుంపును) ప్రకటించాడు: మాయైలూరస్ ఇరియోమోటెన్సిస్. ఆ పేరులోని మాయా దీవి మాటే. పత్రికలు బతికున్న శిలాజం అని రాశాయి.

1990ల్లో డీఎన్ఏ పరీక్షలు ఆ ఊహను కొట్టేశాయి. ఇది ఆసియా అంతటా తిరిగే చిరుతపిల్లి, అంటే లెపర్డ్ క్యాట్‌కే చెందిన ఒక శాఖ అని తేలింది. ప్రధాన భూభాగపు పిల్లుల నుంచి విడిపోయి సుమారు రెండు లక్షల ఏళ్లు. మంచుయుగాల్లో సముద్రమట్టం తగ్గినప్పుడు నేల మీదుగా వచ్చి, మట్టం పెరిగాక ఇక్కడే చిక్కుకుపోయిన జంతువు. దాంతో ప్రియోనైలూరస్ బెంగాలెన్సిస్ ఇరియోమోటెన్సిస్ అనే ఉపజాతిగా మారింది. 2017లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య పిల్లుల నిపుణుల బృందం ఈ జాబితాలన్నీ సవరించినప్పుడు ఉపజాతి హోదాను కూడా పక్కనపెట్టి, రష్యా, కొరియా, తైవాన్, త్సుషిమా పిల్లులతో కలిపి యూప్టిలూరస్ అనే ఒకే ఉపజాతి కింద చేర్చింది. జపాన్ ప్రభుత్వం మాత్రం పాత పేరుతోనే కొనసాగుతోంది.

పేరు తగ్గితే విలువ తగ్గిందనుకోవడం తొందరపాటు. రెండు లక్షల ఏళ్లు ఒంటరిగా బతికిన జంతువు ఇంకెక్కడా లేని అలవాట్లు నేర్చుకుంది. అవి పోతే రష్యా నుంచి పిల్లిని తెచ్చి వదిలినా తిరిగి రావు.

ఎలుకలు లేని దీవిలో పిల్లి

చిన్న అడవిపిల్లి ఎక్కడున్నా ప్రధాన ఆహారం ఎలుక జాతి జంతువులే. మన తూర్పు కనుమల్లో తిరిగే చిరుతపిల్లికైనా అంతే. ఇరియోమోటేలో స్థానికమైన ఎలుక ఒక్కటీ లేదు. ఇప్పుడున్న నల్ల ఎలుక మనుషులతో ఓడల్లో వచ్చింది. నేల మీద తిరిగే స్థానిక క్షీరదాల్లో పిల్లిని మినహాయిస్తే మిగిలేది అడవిపంది. పైన ఎగిరేవి గబ్బిలాలు.

లెక్క ప్రకారం ఇలాంటిచోట పిల్లి నిలవకూడదు. అడవిపిల్లి జాతులు స్థిరపడిన దీవుల్లో ఇంత చిన్నది మరొకటి లేదని పరిశోధకులు చెబుతుంటారు. నిలిచిందంటే కారణం తిండి విషయంలో చూపించిన సర్దుబాటు. మలం పరీక్షల్లో బయటపడే పట్టిక చాలా పొడవు: కప్పలు, నలికిరులు, తొండలు, పాములు, నీటికోళ్లు, వలస వచ్చే గువ్వలు, చిమ్మెటలు, రొయ్యలు, పీతలు, పండ్లు తినే పెద్ద గబ్బిలాలు, నల్ల ఎలుకలు, అప్పుడప్పుడు అడవిపంది పిల్లలు. నీళ్లంటే భయం లేదు. వాగులో దిగుతుంది, ఈదుతుంది, నీళ్లలోకి మూతి పెట్టి రొయ్యల్ని పట్టుకుంటుంది. ఒక పెద్ద పిల్లి రోజుకు తినేది సుమారు 400 నుంచి 600 గ్రాములు. అదంతా కప్పలు, నలికిరుల రూపంలో కూడాలంటే రాత్రికి ఎన్ని వేటలు చేయాలో ఊహించవచ్చు.

చూడటానికి పెంపుడు పిల్లంతే ఉంటుంది. మగది 3.5 నుంచి 5 కిలోలు, ఆడది 3 నుంచి 3.5 కిలోలు. ముదురు గోధుమ రంగు మీద నల్లటి మచ్చలు, పొట్టి కాళ్లు, మందమైన తోక. ఊరి పిల్లి నుంచి విడదీసి గుర్తుపట్టాలంటే చెవులు చూడాలి. కొన గుండ్రంగా ఉంటుంది, చెవి వెనక తెల్లటి మచ్చ ఉంటుంది. దీవిలో పిల్లి కనిపించిందని ఫోన్ చేసేవారిని దీవిలోని వన్యప్రాణి సంరక్షణ కేంద్రం సిబ్బంది మొదట అడిగే సంగతుల్లో ఇదొకటి.

అడవి ఉంది, తిండి పల్లంలో ఉంది

పై పట్టికలోని జంతువులు ఎక్కడ ఎక్కువగా దొరుకుతాయో చూస్తే అసలు చిక్కు అర్థమవుతుంది. కప్పలకు నిలిచిన నీరు కావాలి. నీటికోళ్లకు బురద, గడ్డి కావాలి. నలికిరులకు ఎండ తగిలే అడవి అంచు కావాలి. ఇవన్నీ కలిసి దొరికేది సముద్రమట్టానికి 200 మీటర్ల లోపు ఉన్న పల్లంలో: వాగులు మడ అడవిలో కలిసేచోట, అడవి అంచు పొలానికి తగిలేచోట, సాగు మానేసి చిత్తడిగా మారిన మడుల్లో. కొండ నడుమ దట్టమైన చెట్ల కింద కూడా పిల్లులున్నాయి గానీ అక్కడ పలచగా ఉంటాయి.

మనిషికి కావలసింది కూడా ఆ పల్లమే. వరి మడి, చెరకు తోట, అనాస తోట, ఊరు, ఓడరేవు, రోడ్డు అన్నీ తీరం వెంబడి సన్నటి పట్టీలో ఇరుక్కుని ఉంటాయి. వరి మడి పిల్లికి శత్రువు కాదన్నది గమనించాల్సిన సంగతి. నీళ్లు పెట్టిన మడి గట్టు మీద కప్పల కోసం పిల్లి పొంచి ఉంటుంది. మడిని పూడ్చి, కాంక్రీటు కాలువలు కట్టి, చదును చేసి పెద్ద కమతాలుగా మార్చినప్పుడే నష్టం. గట్టూ, గడ్డీ, బురదా మూడూ ఒకేసారి పోతాయి.

ఒక్కో మగ పిల్లి సొంతం చేసుకునే ప్రాంతం రెండు నుంచి ఐదు చదరపు కిలోమీటర్ల దాకా, ఆడదానిది అంతకన్నా తక్కువ. మగదాని హద్దులో ఒకటి రెండు ఆడపిల్లుల హద్దులు కలుస్తాయి. మంచి చోట్లన్నీ నిండిపోతే ఈడొచ్చిన పిల్లలకు మిగిలేది కొండ లోపలి భాగం, లేదా రోడ్డు అవతలి చోటు. అటవీ శాతం చూపించి ఇంకెన్ని పిల్లులకైనా చోటుందనే వాదన నిలవదన్నది ఇందుకే.

వంద అంటే ఎంత?

జపాన్ పర్యావరణ యంత్రాంగం జరిపిన పెద్ద సర్వేల్లో 1982–84లో 83 నుంచి 108, 1992–94లో 99 నుంచి 110, 2005–07లో 100 నుంచి 109 పిల్లులున్నట్లు అంచనా. పైపైన చూస్తే పాతికేళ్లుగా సంఖ్య కదల్లేదనిపిస్తుంది. ఇక్కడే పాఠకులు తప్పుదారి పడతారు. పిల్లుల్ని ఎవరూ తలలు లెక్కపెట్టలేరు. ఆటోమేటిక్ కెమెరాలు, రేడియో కాలర్లు, మలం గుర్తుల ఆధారంగా ఒక్కో రకం నేలలో ఎన్ని ఉంటాయో తేల్చి, దీవి మొత్తానికి హెచ్చవేస్తారు. పద్ధతి మెరుగైన కొద్దీ కొత్త పిల్లులు బయటపడతాయి. పాత సమాచారాన్ని కొత్త పద్ధతిలో తిరిగి లెక్కిస్తే 1992–94 సర్వేకీ 2005–07 సర్వేకీ మధ్య కొద్దిపాటి తగ్గుదలే కనిపించింది. 2007లో జపాన్ రెడ్ లిస్టులో ముప్పు స్థాయిని పెంచడం, 2008లో అంతర్జాతీయ జాబితా కూడా అత్యంత ప్రమాదంలో ఉన్నదిగా చేర్చడం ఈ నేపథ్యంలోనే.

అసలు ప్రశ్న పెరుగుదల వేగం గురించి. జత కట్టేది చలికాలంలో. రెండు నెలల గర్భం తర్వాత వసంతం చివర, ఏప్రిల్ నుంచి జూన్ మధ్యలో ఈనుతుంది. కాన్పుకు ఒకటి, రెండు, అరుదుగా మూడు పిల్లలు. ఏడాదికి ఒక్క కాన్పు.

అర్థం కావడానికి ఒక ఊహాలెక్క వేసుకోవచ్చు. వందలో ఈనే వయసు ఆడపిల్లులు ముప్పై అనుకుంటే, ఒక్కోటి ఏడాదికి ఒక పిల్లను పెద్ద చేస్తే, చేరేవి ముప్పై. వయసు మళ్లి, జబ్బు చేసి, తిండి చాలక పోయేవి కూడా దాదాపు అంతే ఉంటాయి, లేకపోతే సంఖ్య వంద దగ్గర ఆగేది కాదు. ఇప్పుడు ఈ తూకంలోకి రోడ్డు మీద పోయే ఐదింటిని అదనంగా వేయండి. వచ్చేవాటిలో ఆరోవంతు. పోయింది పిల్లల్ని సాకుతున్న తల్లి అయితే దాని వెనక కూనలు కూడా పోతాయి. మూడేళ్లు వరుసగా ఇలా జరిగి, నాలుగో ఏడు పెద్ద తుపాను తగిలి కప్పలు తగ్గాయంటే లోటు పూడ్చుకోవడానికి చాలా కాలం పడుతుంది.

జన్యు వైవిధ్యం కూడా బాగా తక్కువ. లక్షల ఏళ్ల ఒంటరితనానికి అది సహజఫలం. ఇప్పటికిప్పుడు జబ్బు అని కాదు గానీ, కొత్త వైరస్ వస్తే తట్టుకునే పిల్లి ఒకటైనా ఉంటుందన్న భరోసా తగ్గుతుంది.

రోడ్డు నంబరు 215

పశ్చిమాన షిరహామా నుంచి ఉత్తర తీరం చుట్టి, తూర్పున దిగి, దక్షిణాన హైమి దాకా పోయే రాష్ట్ర రహదారి పొడవు యాభై కిలోమీటర్ల పైచిలుకు. ఉత్తర భాగం పూర్తయి రెండు వైపులా కలిసింది 1977లో. ప్రమాదాల లెక్క మొదలైంది 1978 నుంచి. అప్పటి నుంచి నమోదైనవి ఎనభై దాటాయి, చాలావరకు పిల్లి చనిపోయినవే. 2018లో ఒక్క ఏడాదిలోనే తొమ్మిది నమోదై అప్పటిదాకా ఉన్న రికార్డులన్నీ చెరిగిపోయాయి. నైరుతి తీరంలో రోడ్డే లేదు. అక్కడి ఫునౌకి ఊరికి నేటికీ పడవ మీదే వెళ్లాలి.

పిల్లి రోడ్డు మీదికి ఎందుకొస్తుంది? దాటడానికి మాత్రమే అయితే పరిష్కారం తేలిక. వానపడిన రాత్రి తారు మీద కప్పలు చేరతాయి. గుడ్లు పెట్టడానికి సముద్రం వైపు పోయే నేల పీతలు రోడ్డు దాటుతాయి. టైరు కింద పడి నలిగిన కప్ప, పీత, పాము పిల్లికి కష్టపడకుండా దొరికే తిండి. ఒకసారి రుచి మరిగిన పిల్లి అంచునే కాపు కాస్తుంది. తల్లి కూనల్ని వెంటబెట్టుకుని అక్కడికే వస్తుంది. కాబట్టి రాత్రిళ్లు గస్తీ తిరిగే స్వచ్ఛంద బృందాలు చేసే పనుల్లో నలిగిన కప్పల్ని, పాముల్ని రోడ్డు మీద నుంచి ఏరి పక్కన పారేయడం ఒకటి. చూడటానికి చిల్లర పనిలా ఉంటుంది, ఫలితం మాత్రం నేరుగా ఉంటుంది.

వేగం సంగతి. ఊళ్ల బయట పరిమితి గంటకు 40 కిలోమీటర్లు. తిన్నగా, ఖాళీగా ఉన్న రోడ్డులో 60 తేలిగ్గా దాటుతుంది. తడి రోడ్డు మీద 40 వేగంతో పోయే కారు, డ్రైవరు తేరుకునే ఒక సెకనుతో కలిపి, ఆగడానికి సుమారు 27 మీటర్లు తీసుకుంటుంది. 60 అయితే సుమారు 52 మీటర్లు. డిమ్ లైటు వెలుగు ముందుకు పడేది దాదాపు 40 మీటర్లు. అంటే 40లో పోతే కళ్లు మెరవడం చూశాక ఆపే వీలుంది. 60లో పోతే పిల్లి వెలుగులోకి వచ్చేసరికే ఆలస్యమైపోయింది. డ్రైవరు ఎంత మంచివాడన్నది తర్వాతి మాట.

రోడ్డు నిర్మాణంలో చేసిన మార్పులు కొన్ని చెప్పుకోదగ్గవి. రోడ్డు కింద నుంచి జంతువులు పోయేలా వందకు పైగా తూములు, సొరంగ మార్గాలు కట్టారు. పక్క కాలువలు మామూలుగా నిటారు గోడలతో ఉంటాయి. పడిన కప్పపిల్ల, పీత, తాబేలు ఎక్కలేక చస్తాయి, లేదా అక్కడే గుమికూడి పిల్లిని రోడ్డు అంచుకు రప్పిస్తాయి. కాబట్టి కాలువ ఒక పక్క గోడను ఏటవాలుగా మార్చారు. పిల్లులు తరచూ దాటే చోట రోడ్డు మీద ఎత్తైన చారలు వేశారు. టైరు తగలగానే గడగడ శబ్దం, కుదుపు. డ్రైవరుకు హెచ్చరిక, పిల్లికి కూడా. అంచున గడ్డి కోస్తారు, లేకపోతే రోడ్డు మీదికి దూకేదాకా పిల్లి కనబడదు.

వీటిలో ఏదీ ఒకసారి కట్టి వదిలేసే రకం కాదు. తూము వానాకాలం తర్వాత మట్టితో, కొమ్మలతో పూడిపోతే పిల్లి మళ్లీ పైనుంచే పోతుంది. తూములో నీరు నిండుగా పారుతుంటే పక్కన పొడి గట్టు లేనిచోట దాన్ని వాడదు. ఉపఉష్ణమండలంలో గడ్డి కొద్ది వారాల్లోనే నడుము ఎత్తు పెరుగుతుంది. చారల మీద రంగు, ఎత్తు అరిగిపోతాయి. రోజూ అదే దారిలో పోయేవారికి ఆ శబ్దం అలవాటైపోతుంది కూడా. నిర్వహణ బడ్జెట్టు ఏ ఏడాది తగ్గినా, కట్టిన ఖర్చు వృథా అయినట్లే.

తప్పంతా అద్దె కార్ల పర్యాటకులదే అనేది తరచుగా వినిపించే మాట. సగమే నిజం. ఆసుపత్రికి, బడికి, పొలానికి, సరుకుకు ఏడాది పొడవునా తిరిగేది స్థానికుల బండ్లే, పైగా చీకటిపడ్డాక వేగంగా పోయేది దారి బాగా తెలిసినవారు. మరో చిత్రమైన కారణం గాలి. దీవికి రెండు ఓడరేవులు: ఉత్తరాన ఉయెహారా, ఆగ్నేయాన ఓహారా. చలికాలంలో ఉత్తరపు గాలి ఎక్కువైతే ఉయెహారా ఫెర్రీలు రద్దవుతాయి. ప్రయాణికులంతా ఓహారాలో దిగి బస్సుల్లో తూర్పు తీరం మీదుగా ఉత్తరానికి వస్తారు. పిల్లులు జతకట్టడానికి ఎక్కువగా తిరిగే కాలంలో తూర్పు రోడ్డు మీద రద్దీ పెరిగేది ఇందుకే.

ఊరి పిల్లి, విషపు కప్ప, ఉచ్చు

పెంపుడు పిల్లులు రెండు రకాలుగా ముప్పు. ఒకటి తిండికి పోటీ. రెండోది వైరస్‌లు, ముఖ్యంగా పిల్లుల్లో ఎయిడ్స్ లాంటి ఎఫ్ఐవీ, రక్త క్యాన్సరుకు దారితీసే ఎఫ్ఈఎల్‌వీ. కాటుతో, లాలాజలంతో అంటుకుంటాయి. ఇది గాలిలో లెక్క కాదు: త్సుషిమా దీవి అడవిపిల్లిలో 1996లో ఎఫ్ఐవీ నిజంగానే బయటపడింది. ఇరియోమోటేని పాలించే తకెతోమి పట్టణ పాలక మండలి 2001లో పిల్లుల పెంపకంపై ప్రత్యేక నిబంధనలు తెచ్చి, 2008లో వాటిని బిగించింది. ఈ దీవిలో పిల్లిని పెంచాలంటే నమోదు, మైక్రోచిప్, వైరస్ పరీక్ష, టీకా తప్పనిసరి. యజమాని లేని పిల్లుల్ని పట్టి దీవి దాటించే పని పశువైద్యులు చేస్తూ వచ్చారు. దీవి పిల్లికి సంబంధించి నిస్సందేహంగా విజయవంతమైన చర్య ఏదంటే మొదట చెప్పాల్సింది దీన్నే.

ఇక కేన్ టోడ్ అనే పెద్ద విషపు కప్ప. చెరకు తోటల పురుగుల కోసం ఇషిగాకికి తెచ్చిన ఈ కప్ప అక్కడ పాతుకుపోయింది. మట్టి, కంకర, మొక్కల కుండీల సరుకుతో పాటు ఫెర్రీ ఎక్కి ఇరియోమోటేకి కూడా కొన్ని చేరాయి. దొరికినవాటిని తీసేశారు. కప్పల మీదే బతికే పిల్లి ఈ కప్పను కూడా మామూలు కప్పే అనుకుంటుంది. ఓడరేవులో సరుకు తనిఖీ ఒక్కరోజు సడలినా ఏళ్ల శ్రమ పోతుంది.

అడవిపందుల ఉచ్చుల్లో పిల్లి కాలు ఇరుక్కున్న సందర్భాలున్నాయి. పంది వేట దీవివాసుల పాత అలవాటు, పంట కాపాడుకునే మార్గం కూడా. కాబట్టి నిషేధం బదులు ఉచ్చు తీరు మార్చడం, రోజూ వెళ్లి చూసుకోవడం మీద దృష్టి పెట్టారు. 1970ల చివర్లో జర్మన్ పరిశోధకుడు పాల్ లైహౌజెన్ పిల్లి కోసం జనాన్ని తరలించాలన్నంత కఠినమైన సూచన చేసినప్పుడు దీవిలో పెద్ద దుమారం లేచింది. మనిషా, పిల్లా అన్న ఆ పాత గాయం ఇప్పటికీ పూర్తిగా మానలేదు. రక్షణ చర్య ఏదైనా ఊరివారిని కలుపుకుని నడపాలన్న పట్టుదల వెనక ఆ అనుభవం ఉంది.

వారసత్వ గుర్తింపు తెచ్చిన చిక్కు

2021 జులైలో అమామి ఓషిమా, తోకునోషిమా, ఒకినావా దీవి ఉత్తర భాగంతో కలిపి ఇరియోమోటేకి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. గుర్తింపుతో పాటు కమిటీ కొన్ని షరతుల్లాంటి సూచనలు కూడా చేసింది. ఇరియోమోటేకి వచ్చే పర్యాటకుల సంఖ్యకు హద్దు పెట్టాలి, పిల్లుల రోడ్డు మరణాలు తగ్గించే చర్యలు సమీక్షించాలి. ఒక దీవిని సందర్శకులకు పరిచయం చేసే పత్రంలోనే సందర్శకులు తగ్గాలని రాయడం అరుదు.

కోవిడ్‌కు ముందు దీవికి ఏటా దాదాపు మూడు లక్షల మంది వచ్చేవారు. 2,400 మంది ఉండే చోటికి. పట్టణ పాలక మండలి పెట్టుకున్న లక్ష్యం రోజుకు 1,200, ఏడాదికి 3,30,000 మించకూడదని. ఇది ప్రధానంగా పర్యాటక సంస్థల సహకారం మీద ఆధారపడిన హద్దు. చట్టబద్ధమైన పరిమితి వేరే ఉంది. 2025 మార్చి నుంచి ఐదు ప్రాంతాల్లో రోజువారీ సంఖ్య నిర్ణయించారు: జలపాతంతో పేరున్న హినాయి నదికి 200 మంది, నిషిదా నదికి 100, ఉరౌచి నది ఎగువ ప్రాంతానికి 50, కొమిదకే, తెదో కొండలకు 30 చొప్పున. గైడ్లకు పట్టణం ఇచ్చే లైసెన్సు 2020 నుంచే అమల్లో ఉంది.

ఈ పరిమితులు వాగులకు, దారులకు మేలు చేస్తాయి. పిల్లికి జరిగే మేలు అంత సూటిగా లేదు. హినాయి నదికి టిక్కెట్టు దొరకని పర్యాటకుడు కారు అద్దెకు తీసుకుని రోడ్డు మీదే రోజంతా తిరగవచ్చు. పిల్లి చచ్చేది కాలిబాట మీద కాదు, 215 మీద.

ఇతర దీవుల పిల్లులతో పోలిస్తే

దగ్గరి బంధువు త్సుషిమా పిల్లి. ఆ దీవి విస్తీర్ణం సుమారు 700 చదరపు కిలోమీటర్లు, పిల్లులు మాత్రం ఇక్కడికి అటూ ఇటూ అన్నే. రోడ్డు చావులు అక్కడా ఉన్నాయి, జింకలు అడవి కిందిభాగమంతా మేసేయడం అదనపు బెడద. అయితే దానికి రెండు దన్నులున్నాయి. ఫుకువోకా జంతుప్రదర్శనశాలలో 2000లో మొదటిసారి ఈనింది, ఇప్పుడు పలు జూలలో సంతతి ఉంది. పాత వర్గీకరణ ప్రకారం చూసినా దాని ఉపజాతి కొరియాలో, రష్యాలో కూడా తిరుగుతోంది.

బోర్నియో బే క్యాట్ మరో దీవి పిల్లి. జాతిగా అది బోర్నియోలో తప్ప లేదు, అదీ ప్రమాదంలో ఉన్న జాబితాలోనే ఉంది. కానీ బోర్నియో ఇరియోమోటే కన్నా రెండున్నర వేల రెట్లు పెద్దది. అక్కడి ముప్పు పామాయిల్ తోటల కోసం అడవి నరకడం, ఉచ్చులు. ఇరియోమోటేలో అడవి నరకడం దాదాపు ఆగిపోయింది, 2016లో జాతీయ పార్కు హద్దులు దీవి మొత్తాన్నీ దాదాపుగా కలుపుకున్నాయి. రెండూ దీవి పిల్లులే, రెండూ ప్రమాదంలోనే ఉన్నాయి, మందులు మాత్రం పూర్తిగా వేరు.

ఇదే ప్రజాతికి చెందిన బావురు పిల్లి మన కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల్లో ఉంది. కప్పలు, చేపలు, పీతలు, బురద, మడ అడవి అంచు, గట్టు మీది దారి. అక్కడ కూడా పిల్లి బతికేది పటంలో పచ్చగా కనబడే భాగం నడిమధ్యలో కన్నా, నీరూ నేలా కలిసే అంచుల్లోనే ఎక్కువ.

ఇకముందు

ఇరియోమోటే పిల్లికి జూలలో సంతతి పెంచే కార్యక్రమం లేదు. గాయపడి దొరికినవాటికి చికిత్స చేసి, కోలుకున్నవాటిని వదిలే కేంద్రం 1995 నుంచి దీవిలోనే పనిచేస్తోంది. జూలో పెంపకం మొదలుపెట్టాలన్న వాదన అప్పుడప్పుడు వస్తుంది. అడ్డు ఎక్కడంటే, మొదటి జతల కోసం అడవి నుంచి కనీసం పదీ పన్నెండు పిల్లుల్ని పట్టాలి. వందలో పన్నెండు తీస్తే చెడ్డ ఏడాది రోడ్డు తీసుకునే దానికన్నా ఎక్కువ. రోడ్డు ప్రమాదాల్లో గాయపడి అడవికి తిరిగిపోలేని పిల్లులతో మొదలుపెట్టొచ్చు గానీ, అవి ఏళ్లకొకటి దొరుకుతాయి.

దగ్గరి కాలంలో తేడా తెచ్చేవి మూడు కనిపిస్తున్నాయి. రాత్రివేళ వేగాన్ని నిజంగా అమలు చేయడం, తూములూ గడ్డీ ఏటా శుభ్రం చేసే ఖర్చును ఆపకపోవడం, ఫెర్రీ సరుకు తనిఖీ. మూడింటిలో మొదటిది అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా కష్టం. 50 కిలోమీటర్ల రోడ్డు మొత్తాన్ని రాత్రంతా ఎవరూ కాపలా కాయలేరు.